ఫెబా పేరు లేని సాక్ష్యం

సత్తెనపల్లి,
9 జూలై 2023

ప్రియమైన తమ్ముడు మార్క్‌కి,

దేవుని కృప నీకు తోడుగా ఉండాలని కోరుతూ అక్క సంతోషకుమారి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. మహిమ బాగుంది. మీ బావ నడుం నొప్పి మామూలే. జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు ఎత్తీ ఎత్తీ వచ్చిన నొప్పి అది, మాత్రలకు పోయేది కాదు.

చేతిలో ఫోన్ ఉండగా ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. ఏం చెయ్యనురా? ఫోన్ చేస్తే "ఆ... ఆ... సరే అక్కా" అని పెట్టేస్తావు. ఫెబా పోయినప్పటి నుంచి నువ్వు నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక కాగితం నిండదు. ఇట్లా రాస్తే అయినా మధ్యలో తెంపకుండా వింటావని రాస్తున్నా.

వానలు సరిగా లేవు. పత్తి గింజలు పెట్టినవాళ్లు ఆకాశం వంక చూస్తున్నారు. మహిమ ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. తల్లి లేని పిల్ల అని టీచరమ్మ దాన్ని ముందు బెంచీలో కూర్చోబెట్టిందంట. అది నచ్చక మళ్లీ వెనక్కి పోయి కూర్చుంది నీ కూతురు.

అసలు సంగతి చెప్తాను. మొన్న స్త్రీల కూడికలో ఇమ్మానియేలు అయ్యగారు, "సంతోషకుమారమ్మా, దేవుడు మీకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పండి" అన్నారు. నాకు నలుగురిలో నోరు పెగలదని నీకు తెలుసు. కోతల్లో పాటలు పాడేది ఫెబా, నేను కాదు. లేచి నిలబడ్డాను. నోరు తెరిచాక మాత్రం మాటలు వాటంతట అవే వచ్చాయి. మిరప కోతలకు పోతుంటే కాలువకట్ట మలుపులో ట్రాక్టరు చక్రం దిగబడి, వెనకున్న ట్రక్కు మా అందరితో సహా నీళ్లలోకి బోర్లా పడిన సంగతి చెప్పాను. నేను దాని కింద చిక్కుకున్నాను. చీర దేనికో పట్టుకుంది, ఎంత గుంజినా రాలేదు. నోట్లోకి బురదనీళ్లు పోతున్నాయి. "ప్రభువా, తీసుకుపోతే తీసుకుపో, లేకపోతే పైకి తియ్యి" అనుకున్నాను. అంతేరా, చీర వదులైంది. నా నడుం కింద ఒక చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి నన్ను పైకి తోసింది. నేను ఎవరినీ చూడలేదు. కళ్లు తెరిచేసరికి గట్టు మీద ఉన్నాను. "అది ప్రభువు చెయ్యే అమ్మా" అన్నాను. కూడికలో ఏడవని మనిషి లేదు.

ఇన్నేళ్లూ చర్చికి కూలికి పోయినట్టే పోయాను. వెళ్లాం, కూర్చున్నాం, వచ్చాం. ఇప్పుడు అట్లా లేదు. నన్ను ఆయన దేనికో ఉంచాడు అనిపిస్తుంది.

నువ్వు అక్కడ ఆదివారం చర్చికి వెళ్తున్నావా? వెళ్లు నాయనా. వేళకు తిను.

నీ మేలు కోరే
అక్క

•

కొత్తపట్నం,
21 జూలై 2023

అక్కకు, బావకు మార్క్ వందనాలు.

ఉత్తరం అందింది. రొయ్యల చెరువుల మీద తీరిక ఉండదు. మేత వెయ్యాలి, నీళ్లలో చక్రాలు తిరుగుతున్నాయో లేదో చూడాలి, కరెంటు పోతే జనరేటరు వెయ్యాలి. గాలి అందకపోతే రొయ్య నీటిపైకి వచ్చి కొట్టుకుంటుంది. అప్పుడు నేను చెరువు వంక చూడలేను. పక్కవాడిని పంపుతాను.

నువ్వు బతికి బయటపడ్డందుకు నాకు సంతోషమే అక్కా. ఈ మాట ముందే రాస్తున్నా, తర్వాత రాసేదాన్ని వేరేగా తీసుకోకు. మహిమ ఫోన్లో, "అత్త సాక్ష్యం చెప్తే అందరూ చప్పట్లు కొట్టారు నాన్నా" అంది. "అమ్మ గురించి కూడా చెప్పిందా?" అని అడిగాను. "లేదు" అంది. ఫోన్ పెట్టేసింది.

ఎందుకు చెప్పలేదు? అదే ట్రక్కు, అదే కాలువ. నిన్ను తీసిన గట్టు మీదే ఫెబాని కూడా పడుకోబెట్టారు కదా.

చర్చి సంగతి అడిగావు. వెళ్లటం లేదు.

మార్క్

•

సత్తెనపల్లి,
3 సెప్టెంబరు 2023

తమ్ముడికి,

నీ ఉత్తరానికి వెంటనే రాయనందుకు ఏమీ అనుకోకు. ఊళ్లు తిరుగుతున్నా. ఒక కూడికలో విన్నవాళ్లు ఇంకో ఊళ్లో చెప్పారు, వాళ్లు ఆటో పంపారు. మా ఊరికి ఎప్పుడు వస్తావమ్మా అని ఎవరెవరో ఫోన్ చేస్తున్నారు. మీ బావ, "నా పెళ్లాం పెద్ద ప్రసంగీకురాలు అయిపోయింది, ఇక మజ్జిగ పోసే దిక్కు లేదు" అని నవ్వుతాడు.

ఫెబా పేరు ఎందుకు చెప్పలేదని అడిగావు. అయ్యగారిని ముందే అడిగానురా. "సాక్ష్యం దేవునికి మహిమ తెచ్చేట్టు ఉండాలమ్మా, దుఃఖంతో ముగిస్తే విన్నవాళ్ల విశ్వాసం సడలిపోతుంది" అన్నారు. ఆయన చెడ్డ మనసుతో అనలేదు. నాకూ అదే మంచిదనిపించింది. మైకులో ఫెబా పేరెత్తితే నేను నిలబడగలనా? మహిమ కూడా అక్కడే కూర్చుని ఉంటుంది.

మహిమ గురించే ఇంకో మాట. నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను చెప్పకపోతే అదే చెప్తుంది. పోయిన వారం పర్చూరులో కూడికకి దాన్ని వెంట తీసుకెళ్లాను. నేను సాక్ష్యం చెప్తుండగా మధ్యలో లేచి బయటికి పోయింది. అందరూ చూశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "ఏంటే ఆ పొగరు?" అని కసిరాను.

అది బయటికే చూస్తూ, "అత్తా, అమ్మ కూడా నీళ్లలో ప్రార్థన చేసే ఉంటుందిగా?" అంది.

"చేసే ఉంటుందమ్మా."

"మరి?"

"అది దేవుని చిత్తం" అన్నాను. అప్పటి నుంచి నాతో ముక్తసరిగా ఉంటుంది. అన్నం పెడితే తింటుంది, పిలిస్తే వస్తుంది, అంతే. నువ్వు ఒకసారి నచ్చజెప్పు. తండ్రి మాట వింటుంది.

మిరప నారు పోశారు ఊళ్లో. ఈసారి అందరూ మిరపే అంటున్నారు.

అక్క

•

కొత్తపట్నం,
15 సెప్టెంబరు 2023

అక్కా,

నా కూతురికి దేవుని చిత్తం అని చెప్పావా?

అది పదమూడేళ్ల పిల్ల. అంటే దానికి ఏమర్థమవుతుంది? అత్తను కావాలనుకున్నాడు, అమ్మ అక్కర్లేదనుకున్నాడు అనే కదా. ఇక నుంచి దాన్ని ఏ కూడికకూ తీసుకెళ్లొద్దు. దేవుని మహిమ సంగతి అయ్యగారు చూసుకుంటారు. నా మహిమ సంగతి నేను చూసుకోవాలి.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. ఆ రోజు బావ ఫోన్ చేసి, "ట్రక్కు పడింది, మీ అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఫెబా కోసం వెతుకుతున్నారు, రా" అన్నాడు. ఒంగోలులో బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చుని దారంతా ప్రార్థన చేశాను. చీరాల, బాపట్ల, గుంటూరు, ఏ ఊరు వచ్చిందో పోయిందో తెలియదు. పక్కనున్న పెద్దాయన "ఏంది బాబూ, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. ఫెబాను కాపాడితే ఇదిస్తా, అది మానేస్తా అని దేవుడితో బేరాలాడాను. వచ్చాక తెలిసింది, నేను ఒంగోలులో బస్సెక్కక ముందే ఆమెను బయటికి తీశారు, ప్రాణం లేదని. దారి పొడుగునా నేను చచ్చిపోయిన మనిషి కోసం ప్రార్థన చేశాను.

ఇది నా సాక్ష్యం. ఏ మైకులో చెప్పమంటావు?

పరీక్షలయ్యాక మహిమను నా దగ్గరికి తెచ్చుకుంటాను.

మార్క్

•

సత్తెనపల్లి,
2 అక్టోబరు 2023

మార్క్‌కి,

నీ ఉత్తరం మీ బావ చదివి నా చేతికిచ్చి, బయటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

నేను బతకటం తప్పా? నువ్వు ఆ మాట రాయలేదు, కానీ ఆ ఉత్తరం నిండా నాకు అదే వినపడింది. ఫెబా బదులు నేను పోయి ఉంటే బాగుండేదని నేనే ఎన్నోసార్లు అనుకున్నాను. నాకు పిల్లలు లేరు, వెనక ఎవరూ ఏడ్చేవాళ్లు లేరు, మీ బావ తప్ప. తూచి చూస్తే ఆమే ఉండాల్సింది. అట్లా జరగలేదు. మరి నన్ను ఎందుకు ఉంచాడు అని అడగకుండా నేను ఎట్లా బతకాలి?

నీకు అర్థం కాని సంగతి ఒకటి ఉంది. చిన్నప్పటి నుంచి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పెళ్లిలో అడగలేదు, పిల్లలు పుట్టకపోతే ఆసుపత్రుల్లో అడగలేదు. శుభకార్యాల్లో నన్ను వెనక నిలబెట్టేవాళ్లు. ఇప్పుడు ఊరుగాని ఊళ్లో జనం నా నోటి మాట కోసం చూస్తున్నారు. పర్చూరులో ఒకామె నా చెయ్యి పట్టుకుని, "నీ సాక్ష్యం విన్నాక మందుసీసా పారేశానమ్మా" అంది. పురుగులమందు సీసా. ఆమెకు నేనేం చెప్పాలి, నా తమ్ముడికి కోపం వస్తుంది, ఇక చెప్పను అనాలా?

మహిమను తీసుకుపోతానన్నావు. నీ బిడ్డ, నీ ఇష్టం. చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో ఆడపిల్లను ఎట్లా ఉంచుతావో ఆలోచించుకో.

జనవరిలో ఇక్కడ ఉజ్జీవ సభలు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నువ్వు రానవసరం లేదు.

సంతోషకుమారి

•

కొత్తపట్నం,
12 నవంబరు 2023

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయకూడదనుకున్నాను. ఇప్పుడు రాయక తప్పటం లేదు.

పోయిన ఆదివారం సరుకులకు ఒంగోలు వెళ్లాను. మార్కెట్టు దగ్గర వెనక నుంచి "అన్నా, మార్కన్నా" అని ఎవరో పిలిచారు. చూస్తే నజ్మీన్. మీతో పాటు కోతలకు వచ్చేది, ఆ రోజు ట్రక్కులో కాలు విరిగింది కదా, ఆ నజ్మీన్. ఆసుపత్రి నుంచి నేరుగా ఒంగోలులో కూతురింటికి వచ్చేసిందంట. ఇంకా కుంటుతుంది. మీ ఊళ్లో నీ సాక్ష్యాల సంగతేమీ ఆమెకు తెలియదు.

టీ తాగుతూ, "మీ ఆవిడ లాంటి మనిషిని నేను చూడలేదన్నా" అంటూ కళ్లు తుడుచుకుంది. ఎందుకట్లా అన్నావని అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా.

"ట్రక్కు పడగానే నేను గట్టు పక్కకి విసిరేసినట్టు పడ్డా. ఫెబా కూడా బయటికి వచ్చేసిందన్నా. నా పక్కనే గడ్డి పట్టుకుని రొప్పుతుంది. నడుం దాకా నీళ్లలోంచి పైకి వచ్చింది కూడా. 'వదినేది? వదినేది?' అని చూసింది. ట్రక్కు కింద నుంచి మీ అక్క కొంగు నీళ్ల మీద తేలుతుంది. 'వదినా' అని అరిచి మళ్లీ దిగింది. వద్దే అంటున్నా, వినలేదు. కాసేపటికి మీ అక్క తల పైకి వచ్చింది. నేనూ, తర్వాత కేసుకి భయపడి పారిపోయిన ఆ డ్రైవరూ జుట్టు పట్టుకుని లాగాం. కింద నుంచి ఇంకా తోస్తానే ఉంది. తర్వాత తోయటం ఆగిపోయింది. ట్రక్కు ఇంకొంచెం ఒరిగింది."

"మీకు తెలియదా అన్నా?" అని అడిగింది. తెలియదన్నాను. చల్లారిన టీ పక్కన పెట్టేసింది.

నీ నడుం కింద చెయ్యి ఎవరిదో తెలిసింది కదా. జనవరిలో సభల్లో ఏం చెప్తావో నీ ఇష్టం.

మార్క్

•

కొత్తపట్నం,
10 డిసెంబరు 2023

అక్కా,

తుఫానుకు ఇక్కడ చెరువు గట్లు తెగాయి. మేమందరం క్షేమం. మీ వైపు మిరప చేలు నీట మునిగాయని విన్నాను. మీ ఇంటి కప్పు ఎట్లా ఉంది?

నజ్మీన్ ఫోన్ చేసింది. నువ్వు ఆమె దగ్గరికి వచ్చి వెళ్లావంట. ఒంగోలు దాకా వచ్చి నా దగ్గరికి రాలేదు. నేను అబద్ధం రాశానేమోనని కనుక్కోవటానికి వచ్చావా? చనిపోయిన నా భార్య పేరు మీద నేను కట్టుకథ అల్లుతానా?

మహిమ, "అత్త చర్చికి వెళ్లటం లేదు, ఎవరు ఫోన్ చేసినా ఎత్తటం లేదు" అంటుంది. పోయిన ఉత్తరం కోపంలోనే రాశాను, కాదనను. నిన్ను మంచాన పడెయ్యాలని మాత్రం రాయలేదు. రెండు ముక్కలు రాయి.

మార్క్

•

సత్తెనపల్లి,
28 జనవరి 2024

నాయనా మార్క్,

ఇంతకాలం రాయలేకపోయాను.

నీ మాట అబద్ధమేమోనని రాలేదురా. చదివిన క్షణమే నిజమని తెలిసింది. ఆసుపత్రిలో నా నడుం మీద గీతలు పడి ఉంటే, ట్రక్కు రేకు గీసుకుందనుకున్నాను. సన్నటి గీతలు, పక్కపక్కనే. అవి గాజులు పగిలి గీసుకున్న గీతలు. ఫెబాని గట్టు మీద పడుకోబెట్టినప్పుడు కుడిచేతికి ఒక్క గాజు కూడా లేదని తర్వాత మీ బావ చెప్పాడు. అప్పుడు నాకు తట్టలేదు. తట్టనిచ్చానో లేదో.

నజ్మీన్ దగ్గరికి వెళ్లింది ఒక్క మాట అడగటానికి. ఫెబా ఇంకేమైనా అందా అని. "లేదక్కా, 'వదినా' అన్నదే" అంది నజ్మీన్. ఆమె కూతురు అన్నం తినమని బతిమాలింది, తినలేకపోయాను. నీ దగ్గరికి రావాలనే బస్టాండుకి వచ్చాను. కొత్తపట్నం బస్సు ఎదురుగా నిలబడ్డాను. కండక్టరు "ఎక్కుతావా అమ్మా?" అని అడిగాడు. ఏ మొహం పెట్టుకుని ఎక్కను? నీ భార్య నా కోసం పోతే, అది నేను దేవుడి చెయ్యని ఊరూరా చెప్పుకు తిరిగాను. బస్సు వెళ్లిపోయింది. నేను ఇంటికి వచ్చేశాను.

క్రిస్మస్‌కి ముందు మహిమకు చెప్పాను. ఎవరికన్నా ముందు దానికే చెప్పాలనుకున్నాను. పెరట్లో బట్టలు ఉతుకుతుంటే పక్కన కూర్చుని, "మీ అమ్మ గురించి ఒక మాట చెప్పాలమ్మా" అన్నాను. అంతా చెప్పాను. అది తడిచేతులతో అట్లాగే వింది.

"అమ్మకు ఈత రాదుగా అత్తా" అంది.

"రాదమ్మా."

"తెలిసే దిగిందా?"

"తెలిసే."

చేతిలో బట్ట పిండి, "నీ కోసం దిగింది. నా కోసం ఆగాలనిపించలేదా?" అంది.

మార్క్, ఆ పిల్ల నన్ను తిట్టినట్టు అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఇంతకుముందులాగా దేవుని చిత్తం అని అనలేకపోయాను. దాన్ని దగ్గరికి తీసుకోబోయాను. పక్కకు జరిగి మిగతా బట్టలు ఉతుక్కుంది.

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. "దేవుడే ఫెబాను వాడుకుని మిమ్మల్ని కాపాడాడు అని చెప్పండి. తప్పు లేదు, అది కూడా నిజమేగా" అన్నారు.

"అట్లా చెప్తే, మా అమ్మను వాడుకుని వదిలేశాడని మహిమకు వినపడుతుంది అయ్యగారూ" అన్నాను.

"మీ మనసుకి ఏది నిజమనిపిస్తే అది చెప్పండమ్మా" అన్నారు ఆఖరుకి.

సభల్లో నిలబడ్డాను. జనం బాగా వచ్చారు. వాళ్లకు తెలిసిన సాక్ష్యమే, చెయ్యి దగ్గరికి వచ్చేసరికి హల్లెలూయా అనటానికి సిద్ధంగా ఉన్నారు. నేను ఇట్లా చెప్పాను. "నన్ను పైకి తోసింది మా మరదలు ఫెబా. మిరప కోతల్లో పాటలు పాడేది. ఈత రాదు. తను గట్టెక్కి కూడా, నేను కనపడక మళ్లీ దిగింది. నేను వచ్చాను, ఆమె రాలేదు. ఆమెకు ఒక కూతురుంది. ఇన్నాళ్లూ మీకు ఆమె పేరు చెప్పలేదు. ఆమె ఎందుకు రాలేదని దేవుణ్ణి అడుగుతున్నాను. ఆయన ఇంకా చెప్పలేదు. నేను అడగటం మానలేదు. నా సాక్ష్యం ఇంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హల్లెలూయా అనలేదు. అయ్యగారు మైకు దగ్గరికి వచ్చి పాట పాడమని సైగ చేశారు. తర్వాత ఇంకే ఊరి నుంచీ నన్ను పిలవలేదు. వచ్చే వారం రమ్మన్న పర్చూరు వాళ్లు, వేరే వక్త దొరికారమ్మా అన్నారు. మందుసీసా పారేసిన ఆమె ఏమనుకుంటుందో అని ఒక్కటే బెంగ.

మహిమ ఆ రోజు సభకు రాలేదు. ఇంటికి వచ్చేసరికి అన్నం వండి కంచంలో పెట్టి ఉంచింది. ఎవరో ముందే చెప్పినట్టున్నారు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని, "నేను నాన్న దగ్గరికి పోతా అత్తా" అంది. కోపంగా అనలేదు.

దాన్ని తీసుకెళ్లు. అడ్డు చెప్పను. నీ ముందు చేతులు జోడించి అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఉత్తరంలో కుదరదు.

అక్క

•

కొత్తపట్నం,
18 ఫిబ్రవరి 2024

అక్కా,

నీ ఉత్తరం పని దగ్గరే చదివాను. సూపర్‌వైజరు "ఏరా, ఎవరన్నా పోయారా?" అని అడిగాడు. పోయినామె గురించే, అన్నాను.

నువ్వు నన్ను ఏమీ అడగనక్కర్లేదు. అక్కడ చిక్కుకుంది నువ్వు కాక నజ్మీన్ అయినా, ముక్కూ మొహం తెలియని మనిషయినా ఫెబా దిగేది. ఒకసారి చేలో పాము కరిచిన కుక్కను చేతుల్లో ఎత్తుకుని పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తింది, గుర్తుందా? అప్పుడు మహిమ చంటిది, ఉయ్యాల్లో ఏడుస్తుంది. తిరిగి వచ్చాక నేను తిడితే, "అయ్యో, మర్చేపోయాను" అంది. ఆమె అంతే. ముందు దిగుతుంది, తర్వాత గుర్తొస్తుంది. ఆ నీళ్లలో మహిమ గుర్తొచ్చే ఉంటుంది అక్కా. ఆలస్యంగా గుర్తొచ్చి ఉంటుంది.

మహిమ అడిగినదానికి నా దగ్గరా జవాబు లేదు. జవాబు తెలియని వాళ్లం ఇద్దరం ఒకచోట ఉండాలనిపిస్తుంది. ఒంగోలులో చిన్న గది చూశాను. ఐస్ ఫ్యాక్టరీలో పగటి పని ఇస్తామన్నారు. పక్కవీధిలోనే స్కూలు. ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక వస్తాను. నీ మీద కోపంతో తీసుకెళ్లటం లేదు. ఈ మాట ఊళ్లో అడిగినవాళ్లకు కూడా చెప్పు.

ఇంకొకటి. పోయిన ఆదివారం సముద్రం ఒడ్డున జాలర్ల చర్చికి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలియదు. బోటు మీద వేటకు పోయి తిరిగి రానివాళ్లు ఆ చర్చికి వచ్చే ప్రతి ఇంట్లోనూ ఉన్నారంట. కొత్తగా వచ్చినవాళ్లు లేచి ఒక మాట చెప్పమన్నారు. లేచాను. "నా భార్య పేరు ఫెబా" అన్నాను. ఇంకేమీ రాలేదు. వాళ్లు ఇంకా చెప్పమనలేదు. పక్కనున్నతను జరిగి చోటిచ్చాడు, కూర్చున్నాను. మళ్లీ వెళ్తానో లేదో చెప్పలేను.

బావకు నడుం నొప్పికి ఇక్కడ దొరికే నూనె ఒకటి తెస్తాను.

నీ తమ్ముడు
మార్క్

•

సత్తెనపల్లి,
16 జూన్ 2024

ప్రియమైన తమ్ముడికి,

మహిమ క్షేమంగా ఉందనీ స్కూల్లో చేరిందనీ ఫోన్లో చెప్పావు. సంతోషం. ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటున్నాం కదా, మళ్లీ ఉత్తరమేంటి అంటావేమో. కొన్ని సంగతులు నేను కాగితం మీదే చెప్పగలను.

మీ ఇద్దరినీ బస్సెక్కించి వచ్చాక మీ బావ దాని మంచం విప్పి గోడకు ఆనించాడు. మర్నాడు మళ్లీ వేశాడు. అది అట్లాగే ఉంది. వెళ్లేటప్పుడు మహిమ బస్సులో కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపింది. నేను దాన్ని ముద్దు పెట్టుకోలేదు. పక్కకు జరుగుతుందేమోనని భయపడ్డాను. ఇప్పుడు అనిపిస్తుంది, జరిగినా పెట్టుకోవాల్సింది.

చర్చికి వెళ్తున్నా. వెనకే కూర్చుంటున్నా. సాక్ష్యం చెప్పమని ఎవరూ అడగటం లేదు. అయ్యగారు మాత్రం కూడిక అయ్యాక ఆగి, "పాప ఎట్లా ఉందమ్మా?" అంటారు.

మొన్న ఒకామె ఇంటికి వచ్చింది. పేరు గుల్షన్. పక్క ఊరిలో కౌలు చేసుకునేవాళ్లు. మన చర్చి మనిషి కాదు. ఎప్పుడూ చూడలేదు. గుమ్మం దగ్గర నిలబడి, "మైకులో మీ మరదలి పేరు చెప్పింది నువ్వేనంటగా అమ్మా?" అంది. నేనే అన్నాను. లోపలికి వచ్చి కింద కూర్చుంది. ఆమె కొడుకు పత్తి చేలో మందు కొడుతూ పడిపోయి మళ్లీ లేవలేదంట. "మా ఇంట్లో వాడి పేరు ఎత్తనియ్యరు. ఆయన తట్టుకోలేడు. నీ దగ్గర ఒక్కసారి అని పోతా" అంది. "ముదస్సిర్" అంది. ఇంకోసారి అంది. నేను మంచినీళ్లు ఇచ్చాను. తాగి వెళ్లిపోయింది. ఇంతకుముందు నా దగ్గరికి వచ్చేవాళ్లు తమ కోసం ప్రార్థన చెయ్యమని వచ్చేవాళ్లు. ఆమె ఏమీ అడగలేదు. ఆమె పోయాక నేను ప్రార్థన చేశాను. మాటలు రాలేదు, ఆ పిల్లాడి పేరూ ఫెబా పేరూ చెప్పి ఊరుకున్నాను. నేను నమ్ముతున్నానా అంటే, నమ్ముతున్నాను మార్క్. ఇదివరకటిలా మాత్రం కాదు. ఇదివరకు ఆయన నాకు జవాబిచ్చాడని నమ్మాను. ఇప్పుడు జవాబు లేకపోయినా ఆయన ముందే కూర్చుంటున్నా. ఇంకెక్కడికి పోను?

మహిమకు ఒంగోలు స్కూల్లో రెండు జడలు వెయ్యాలన్నారని చెప్పావు. నీకు చేతకాదు, వీడియోలు చూసి నేర్చుకుంటున్నానన్నావు. వాటిలో చెప్పరు కాబట్టి రాస్తున్నా. దాని జుట్టు వాళ్లమ్మ జుట్టు, ఒత్తు. ముందు కొంచెం నీళ్లు చల్లి, కొసల నుంచి చిక్కు తియ్యి, మాడు నుంచి దువ్వకు. గట్టిగా లాగితే నొప్పి అని అది నోరు తెరిచి చెప్పదు. కళ్లు మూసుకుంటుంది. నువ్వు వెనక కూర్చుంటావు కాబట్టి నీకు కనపడదు. అందుకని అద్దం ముందు కూర్చోబెట్టి వెయ్యి.

అక్క